బొమ్మ వచ్చిందా?

పాలిటెక్నిక్ మూడవ సంవత్సరం విద్యార్థికి ఒక పుస్తకం ఇస్తారు. దాన్ని లాగ్‌బుక్ అంటారు. ఆరునెలలపాటు ఏదో ఒక పరిశ్రమలో శిక్షణ పొందుతూ, ఏ రోజు ఏం నేర్చుకున్నాడో ఆ రోజు అందులో రాయాలి. సంస్థవారు సంతకం పెట్టాలి. కళాశాలనుండి అధ్యాపకుడు వచ్చి, చూసి, ఆయనా సంతకం పెట్టాలి. ఆ రెండు సంతకాల మీద మార్కులు ఆధారపడి ఉంటాయి.

నా లాగ్‌బుక్ నా దగ్గర ఇంకా ఉంది. 2017 ఆగస్టు మూడవ వారంలో ఒకనాటి పేజీలో, “పంపిణీ తీగల మరమ్మతు, యాంప్లిఫయరు పనితీరు పరిశీలించాను” అని నా చేతిరాతతో ఉంది. ఇంగ్లీషులో రాశాను, అందరమూ ఇంగ్లీషులోనే రాసేవాళ్లం. ఆ వాక్యంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఆ రోజు నేను తీగల మరమ్మతు చూసిన మాట నిజమే, యాంప్లిఫయరు చూసిన మాటా నిజమే. కాని ఆ సాయంత్రం నా కళ్ల ముందు జరగకుండా పోయినది, అంటే నేను కళ్లు పక్కకు తిప్పుకున్న అరనిమిషంలో జరిగినది, ఆ వాక్యంలో లేదు. ఆ లోటు తీర్చడానికే ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండు: ముఠాకక్షలు, రాతిబొమ్మలు. మొదటిదాన్ని గురించి సినిమాలవాళ్లు చాలినంతకంటె ఎక్కువే చెప్పారు గనుక నేను చెప్పను. రెండవదానితోనే మా ఇల్లు గడిచింది. మా నాయన ఒకరి కొట్టంలో దినకూలికి బొమ్మలు చెక్కేవాడు. మా అమ్మ చెక్కిన బొమ్మకు నీళ్లు పోసి రుద్ది నునుపు పట్టేది. రోడ్డువారగా వరసగా నిలబెట్టిన ఆంజనేయులు, వినాయకులు, వాళ్ల పక్కనే గాంధీ, అంబేద్కర్, ఈ మధ్య చనిపోయిన రాజకీయనాయకులు. అందరికీ ఒకటే దుమ్ము. ఆ దుమ్ములోంచి నన్ను బయటికి పంపాలని మా నాయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్‌కు చేర్చినాడు.

శిక్షణకు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మా తరగతిలో స్తోమతు కలిగినవాళ్లు హైదరాబాదు పోయారు. వెళ్లకుండానే వెళ్లినట్టు కాగితం సంపాదించినవాళ్లూ ఉన్నారు. నాకు నంద్యాలలోని ఒక కేబుల్ టెలివిజన్ కేంద్రం దొరికింది. దాని పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఒకటే. అటువంటివి మన జిల్లాకేంద్రాలలో, తాలూకా కేంద్రాలలో ఎన్నో ఉన్నాయి, ఒక్కదాని కథ మిగతావాటికి కూడా చాలావరకు సరిపోతుంది. నంద్యాలనుండి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. శిరివెళ్ల మీదుగా బస్సులో పోయి వచ్చేవాణ్ణి. టీవీలో పనిచేస్తున్నానని బస్సులో చెప్పుకుంటే జనం నా మొహం వంక మరొకసారి చూసేవాళ్లు. ఆ చూపు నాకు బాగుండేది. దాచుకోవడమెందుకు?

అప్పటికి కేబుల్ వ్యాపారం ఒక మలుపులో ఉంది. అనలాగ్ ప్రసారాలు ఆపివేసి ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్సు పెట్టాలని కేంద్రప్రభుత్వం పెట్టిన గడువు చిన్న పట్టణాలకు 2017 జనవరి 31తోనూ, పల్లెలకు మార్చి 31తోనూ ముగిసింది. కాబట్టి జూన్‌లో నేను పోయేసరికి కేంద్రంలో సగం గది పాత మాడ్యులేటర్లు, సగం గది కొత్త యంత్రాలు. మిద్దె మీద డిష్షులు అయిదారు. అవి ఉపగ్రహంనుండి పట్టిన సంకేతాన్ని రిసీవర్లు విప్పుతాయి. ఎన్‌కోడర్లు దాన్ని కుదిస్తాయి. మల్టిప్లెక్సరు ఎన్నో ఛానళ్లను ఒక్క ప్రవాహంగా కలుపుతుంది. ఆ తర్వాత లేజరు ద్వారా గాజుతీగలోకి. ఊరి వీధులలో అక్కడక్కడ నోడ్ అనే పెట్టె ఉంటుంది. అక్కడ కాంతి మళ్లీ విద్యుత్తుగా మారి రాగితీగలో ఇళ్లకు పోతుంది. దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది గనుక మధ్యమధ్య యాంప్లిఫయర్లు. పాఠంలో చదివినదంతా ఒక్క గదిలో, నాలుగు వీధుల్లో కనిపించింది. మొదటి నెల నిజంగా సంతోషంగా గడిచింది. మీటరు పట్టుకొని వీధివీధీ తిరిగి సంకేతబలం కొలిచి రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడు చూసినా బాగున్నాయనిపిస్తుంది.

రెండవ నెలలో నన్ను స్థానిక ఛానల్ వైపు వేశారు. దేశమంతటి ఛానళ్ల మధ్య ఒకటి మా ఊరిది. ఒక కంప్యూటరు, ఒక కెమెరా, పచ్చగుడ్డ కట్టిన గోడ, దాని ముందు బల్ల. సాయంత్రం వార్తలు, మిగతా సమయమంతా పాత సినిమాపాటలు, కింద పరుగెత్తే అక్షరాలు. తప్పిపోయిన గేదె, కొత్తగా తెరిచిన చీరల దుకాణం, ఫలానావారి అమ్మాయికి జన్మదిన శుభాకాంక్షలు, కళాశాలలో సీట్లు, మొలలకు వైద్యం. చదువుకున్నవాళ్లకు ఇదంతా హాస్యంగా ఉంటుంది. నాక్కూడా ఉండేది. కాని ఒకనాడు ఒక వీధిలో మురుగుకాలువ ఇళ్లల్లోకి పొంగితే మేము పోయి బొమ్మ తీసి రాత్రి వేశాము. మర్నాడు మునిసిపాలిటీ మనుషులు పలుగు పార తీసుకొని వచ్చారు. ఆ వీధి ఆడవాళ్లు మాకు మజ్జిగ ఇచ్చారు. హైదరాబాదు ఛానల్ ఏదీ ఆ కాలువను చూపించదు. కనుక స్థానిక ఛానల్ ఒట్టి పనికిమాలినదని కొట్టివేయడం నాకు చేతకాదు. ఈ వ్యాసం చదివి ఎవరైనా అలా కొట్టివేస్తే అది నా అభిప్రాయం కాదు.

ఈ సందర్భంలో కొంచెం వెనక్కు పోవాలి. కర్నూలు జిల్లాకు టెలివిజన్ రావడం విచిత్రంగా వచ్చింది. హైదరాబాదులో దూరదర్శన్ ఇంకా క్రమమైన ప్రసారాలు మొదలుపెట్టకముందే ఈ జిల్లా పల్లెలు కొన్ని టెలివిజన్ చూశాయి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని అరువు తెచ్చుకొని మన ప్రభుత్వం ఒక ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాలు, సుమారు 2400 పల్లెలు. మన రాష్ట్రంలో హైదరాబాదు, మెదకు, మహబూబ్‌నగర్ జిల్లాలతోబాటు కర్నూలును కూడా తీసుకున్నారు. కోడిగూళ్లకు వాడే జల్లెడలాంటి తీగవలతో చేసిన పెద్ద గొడుగు, దాని కింద ఊరందరికీ ఒకటే పెట్టె. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబనియంత్రణ. అంతా పైనుండి కిందికి. ఆకాశం చెబుతుంది, పల్లె వింటుంది. ఆ సంవత్సరమంతా దేశంలో అత్యవసర పరిస్థితి ఉందన్న సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. చెప్పేవాడికి ఎదురు చెప్పే వీలు పెట్టెలోనూ లేదు, బయటా లేదు.

రేడియో కొత్తగా వచ్చిన రోజులలో, 1932లో, బ్రెహ్ట్ ఒక మాట అన్నాడు. ఈ యంత్రం పంచిపెట్టడానికి మాత్రమే వాడుతున్నారు, వినేవాడు కూడా మాట్లాడగలిగేటట్టు దాన్ని మార్చాలి అని ఆయన వాదన సారాంశం. కేబుల్ వచ్చి, ఊరికొక ఛానల్ వచ్చినప్పుడు ఆ మాట కొంత నిజమైనట్టే కనిపించింది. వినే ఊరు మాట్లాడే ఊరయింది. నంద్యాల మొహం నంద్యాల చూసుకుంది. అయితే ఊరు మాట్లాడుతున్నదంటే ఊళ్లో ఎవరు మాట్లాడుతున్నారు అని అడగవలసి ఉంటుంది. నేనది అప్పుడు అడగలేదు. నాకు పందొమ్మిదేళ్లు, చేతిలో కెమెరా.

కేంద్రంలో పనిచేసేవాళ్లు మూడు తెగలు. లోపల చల్లటి గదిలో కూర్చునేవాళ్లు ముగ్గురో నలుగురో; వాళ్లకు నెలజీతం. రెండవ తెగ విలేకరులు. మండలానికొకరు. వాళ్లకు ఛానల్ ముద్ర ఉన్న మైకు ఇస్తారు, గుర్తింపుకార్డు ఇస్తారు, జీతం ఇవ్వరు. పైగా వాళ్లే పండుగలకు ప్రకటనలు తెచ్చి ఇవ్వాలి, తెచ్చినదాంట్లో వంతు. మైకు చేతికి ఇచ్చి, నీ తిండి నువ్వే సంపాదించుకో అని ఊరి మీదికి తోలిన మనిషి ఏం చేస్తాడో చెప్పనక్కరలేదు. అతన్ని తిట్టడం సులభం. మన సభలలో విలేకరుల అవినీతిని గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా అక్కడే ఆగిపోతారు.

చట్టం సంగతి చూడండి. పత్రికా విలేకరుల ఉద్యోగ పరిస్థితుల గురించి పార్లమెంటు 1955లో చట్టం చేసింది. పనిగంటలు, సెలవు, వేతన నిర్ణయం అందులో ఉన్నాయి. అందులో టెలివిజన్ లేదు. ఉండే వీలూ లేదు, ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగాత్మకంగా మొదలయిందే 1959 సెప్టెంబరు 15న. ఆ తర్వాత టెలివిజన్ దేశమంతా పాకింది, వ్యాపారమయింది, చట్టం మాత్రం కాగితం మీద అచ్చయ్యే అక్షరం దగ్గరే నిలబడిపోయింది. ఎలక్ట్రానిక్ మాధ్యమం అనే మాట కార్మికచట్టంలోకి ఎక్కడానికి 2020 నాటి కోడ్ రావలసి వచ్చింది. నేను పనిచేసిన 2017లో ఆ మైకు పట్టుకున్న మనిషి ఏ చట్టం దృష్టిలోనూ పూర్తిగా విలేకరి కాడు.

ఇక మూడవ తెగ లైన్‌మన్లు. తీగలు లాగేవాళ్లు, స్తంభాలెక్కేవాళ్లు. వీళ్లు కేంద్రం మనుషులు కారు. కేంద్రం కింద వీధివీధికీ చిన్న ఆపరేటర్లు ఉంటారు. వాళ్ల కింద వీళ్లు. కొత్త కనెక్షనుకింత, మరమ్మతుకింత. చేతిపని లేనినాడు ఏమీ లేదు.

మరి నేను? నేను ఏ తెగ? ఇది నాకు చాలా తర్వాత తట్టిన ప్రశ్న. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టంలో 18వ సెక్షను ఒకటుంది. అప్రెంటిస్ అనేవాడు శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు, కార్మికచట్టాలు అతనికి వర్తించవు అని దాని సారం. మాలాంటి సెమిస్టరు శిక్షణవాళ్లు ఆ చట్టం కిందికి కూడా రారు; అందులోకి రావాలంటే రిజిస్టరయిన ఒప్పందం ఉండాలి. అంటే కార్మికుడు కానివాడికంటె నేను ఇంకొక మెట్టు కింద. అయినా పొద్దున తొమ్మిదినుండి రాత్రి బులెటిన్ అయ్యేదాకా పనిచేశాను. ఆ ఆరు నెలల్లో నాకు ముట్టిన డబ్బు టీఖర్చులు, అప్పుడప్పుడు బస్సు చార్జీలు. అందుకు నాకేమీ బాధ లేదు, అప్పట్లో అది గౌరవంగానే అనిపించింది.

ఆగస్టులో నంద్యాల అసెంబ్లీ స్థానానికి ఉపఎన్నిక వచ్చింది. మార్చిలో శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి మరణించడం వల్ల ఏర్పడిన ఖాళీ. 23న పోలింగు, 28న లెక్కింపు. 1991లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావును లోక్‌సభకు పంపిన నియోజకవర్గానికి ఎన్నికల హడావుడి కొత్త కాదు గాని, ఇటువంటి హడావుడి నేను చూడలేదు. రాష్ట్రంలోని మంత్రులు, నాయకులు అందరూ అక్కడే. హైదరాబాదు ఛానళ్ల వాహనాలు నెత్తిన డిష్షులు పెట్టుకొని వీధుల్లో నిలబడ్డాయి. లాడ్జీలలో గది దొరకలేదు. మా చిన్న కేంద్రానికి కూడా ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

టెలివిజన్‌లో రాజకీయ ప్రకటన వేయాలంటే ముందు ఎన్నికల అధికారులు ధ్రువీకరించాలి. ఇది 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. ఆ కేసు పుట్టింది మన రాష్ట్రంలోనే. కాబట్టి ప్రకటనలకు కాగితం ఉండేది. కాని ప్రకటనలా కనిపించని ప్రకటనకు ఏ కాగితం? డబ్బు తీసుకొని వార్త రూపంలో వేసేదాన్ని గురించి పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి కలిసి ప్రెస్ కౌన్సిల్‌కు 2010లో ఒక నివేదిక రాసి ఇచ్చారు. పేర్లతో సహా రాశారు. అందుకే దాన్ని పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిల్‌కు మొదట మనసొప్పలేదు. ఆ నివేదిక ఉందని కూడా నాకు 2017లో తెలియదు. తెలిసింది ఒక్కటే: ఒక సభను నలభై సెకన్లు చూపిస్తే ఒక లెక్క, నాలుగు నిమిషాలు చూపిస్తే ఇంకొక లెక్క. ఆ సెకన్లు కత్తిరించే పని నాది. చెయ్యి తిరిగింది. బాగా నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ సాయంత్రం.

వాన పడి వెలిసింది. ఏడు గంటల వేళకు రెండు వీధులలో బొమ్మ పోయిందని ఫోన్లు వచ్చాయి. ఏడున్నరకు బులెటిన్. ఆ బులెటిన్‌లో ఒక పెద్ద సభ పోవాలి, ఆ వీధులలో ఆ సభ తాలూకు మనుషులు ఉన్నారు. లోపలి గదిలోంచి ఒకటే తొందర. లైన్‌మన్ ఒక్కడే దొరికినాడు. సాయం ఎవరూ లేరు. నన్ను పొమ్మన్నారు. లైను మరమ్మతు నేర్చుకున్నట్టూ ఉంటుంది గదా అన్నారు.

ఆయనది కూడా ఆళ్లగడ్డే. పేరు రాయను, రాయడానికి ఆయన్ను నేను అడగలేదు. నలభై ఏళ్లుంటాయి. ఎన్నోసార్లు ఒకే బస్సులో పోయినాం. నన్ను ‘ఇంజనీరు సామీ’ అని ఎగతాళి పట్టించేవాడు. మోకు, కటింగ్ ప్లేరు, ఒక వెదురు నిచ్చెన, అంతే ఆయన సామగ్రి. చేతులకు తొడుగులు నేను ఎన్నడూ చూడలేదు.

కేబుల్‌కు వేరే స్తంభాలు ఉండవు. కరెంటు స్తంభాలకే కడతారు. పైన కరెంటు తీగలు, కింద మా తీగలు, మా తీగలను మోయడానికి ఒక ఇనుపతీగ. గాలివానకు ఏది దేన్ని తాకుతుందో దేవుడికి తెలియాలి. యాంప్లిఫయరు పెట్టె స్తంభం మీద ఉంది. నిచ్చెన ఆనించినాడు. కింద సిమెంటు రోడ్డు తడిగా ఉంది. “పట్టుకో అబ్బయా” అన్నాడు. పట్టుకున్నాను. పెట్టె విప్పి చూసి, కనెక్టరు చిలుము పట్టిందన్నాడు. పాతది తీసి కొత్తది బిగించినాడు. బిగించి కిందికి చూసి, “ఆ మూడో ఇంట్లో బొమ్మొచ్చిందేమో చూసి రాపో” అన్నాడు.

నేను నిచ్చెన వదిలి పోయినాను.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ మంచం మీద కూర్చొని ఉంది. టీవీ తెర మీద చదరాలు చదరాలుగా విరిగిన బొమ్మ. రెండు క్షణాలు అట్లాగే ఆగి, చదరాలన్నీ ఒకదానికొకటి అతుక్కొని మనిషి మొహమయింది. “వచ్చె నాయనా, బొమ్మ వచ్చె” అన్నది ముసలమ్మ. నేను వాకిట్లోకి తిరిగేలోపలే బయట అరుపులు.

పడేముందు ఆయనకు కరెంటు తగిలిందా, నిచ్చెన జారిందా అన్నది ఎవరూ తేల్చలేదు. తగిలిందని ఒకరన్నారు, జారిందని ఇంకొకరన్నారు. నిచ్చెన దగ్గర మనిషి లేడన్నది మాత్రం అందరూ చూశారు. తొడ ఎముక విరిగింది, నడుముకు దెబ్బ తగిలింది. ఆటోలో ఆసుపత్రికి, అక్కడినుండి కర్నూలు పెద్దాసుపత్రికి.

బులెటిన్ ఏడున్నరకు పోయింది. ఆటో ఎక్కించి నేను కేంద్రానికి తిరిగివచ్చేసరికి ఇంకా పది నిమిషాల టైముంది. సభ తాలూకు క్లిప్పు నేనే ఎక్కించాను. ఆ రాత్రి వార్తలలో ప్రమాదాలు రెండున్నాయి. ఒకచోట ఆటో బోల్తా, ఇంకొకచోట లారీ గుద్దుకోవడం. మూడవది లేదు. నేను వార్తలు చూసే ఆయన్ను అడిగాను, అడిగానని చెప్పుకోవడానికి కాదు, నిజంగానే అడిగాను. ఆయన దుర్మార్గుడు కాడు. “మన వాకిట్లో చెత్త మనమే వీధిలో పోసుకుంటామా?” అన్నాడు. మర్నాడు లైన్‌మన్ భార్య వస్తే కేంద్రంవారు ఆమె చేతిలో కొంత డబ్బు పెట్టారు. ఆయన మా మనిషి కాదు, ఆపరేటరు మనిషి అన్నారు. ఆపరేటరును అడిగితే ఆయనకు నేను జీతమిస్తున్నానా, కనెక్షనుకింత అని లెక్కగదా అన్నాడు. 1923 నాటి పరిహారచట్టం అప్పుడు అమలులోనే ఉంది. పనిలో గాయపడినవాడికి పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. కాని ఆ చట్టం దగ్గరకు పోవాలంటే నువ్వు ఫలానావాడి దగ్గర పనిచేస్తున్నావని ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. సాక్షిని నేనున్నాను. నన్ను ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. నవంబరులో నా లాగ్‌బుక్ మీద సంతకాలు కావలసి ఉన్నాయి.

ఆ ఆదివారం ఇంటికి పోతే మా నాయనకు సంగతి అప్పటికే తెలిసింది. ఆళ్లగడ్డలో ఇటువంటివి ఆగవు. అన్నం తింటూ, “మా కొట్టం కాడ రాయి జారి పడితే బజారంతా తెలుస్తాది. మీ టీవీ కాడ మనిషి పడితే మీ టీవీకే తెల్దా?” అన్నాడు. నిచ్చెన సంగతి ఆయనకు చెప్పలేదు. చాలాకాలం చెప్పలేదు.

రాతిపనిని గొప్ప చేసి, టెలివిజన్‌ను తక్కువ చేసి ముగించే ఉద్దేశం నాకు లేదు. మా నాయన చిన్నప్పుడు పనిలో చేరినప్పుడు మొదట రెండేళ్లు ఉలులు కొలిమికి మోసుకుపోయి సాన పట్టించుకొని రావడమే పని. తర్వాత పీఠాలు, తర్వాత వస్త్రం మడతలు, చేతులు. మొహం మీద ఉలి పెట్టనిచ్చింది ఎన్నో ఏళ్లకు. కళ్లు దిద్దడం అన్నిటికంటె చివర, అది పెద్దపనివాడు తప్ప ఎవరూ ముట్టరు. నేర్పు నిజంగా చేతినుండి చేతికి పోయేది, కాదనను. కాని తన్నులూ అట్లాగే పోయేవి. కూలి లేకుండా చేసిన ఏళ్లూ ఉన్నాయి. గోర్కీ తన జీవితకథ రెండవ భాగంలో దేవుడి పటాలు రాసే కార్ఖానాలో తాను అప్రెంటిస్‌గా ఉన్న రోజులు వర్ణించినాడు. ఒకడు పలక నున్నగా చేస్తాడు, ఒకడు బట్టలు రాస్తాడు, ఇంకొకడు మొహాలు. ఏ ఒక్కడికీ పటం మొత్తం మీద ప్రేమ ఉండదు. అది చదివినప్పుడు మా కొట్టం నా కళ్లకు కట్టింది. ఇప్పుడు కటింగ్ యంత్రాలు వచ్చాక ఆ వంతులు ఇంకా పెరిగాయి, దుమ్మూ పెరిగింది. నల్లరాతి దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతే ఏమవుతుందో మా బజారులో దగ్గు వింటే తెలుస్తుంది. ఆ దగ్గు ఏ ఛానల్‌లోనూ రాలేదు. మా స్థానిక ఛానల్ ఆళ్లగడ్డ శిల్పుల మీద ఒక కార్యక్రమం చేసింది. అందులో నేనూ ఉన్నాను. వేణువు నాదం వెనక వినిపిస్తుంటే ఉలి శబ్దం చాలా మధురంగా వచ్చింది. దగ్గు వచ్చినచోట కత్తిరించాము.

ఆ కత్తిరింపుకు ఎవరూ నాకు ఉత్తరువు ఇవ్వలేదు. అదే నేను పాఠకుల ముందు పెట్టదలచుకున్నది. మనం మాధ్యమాలను గురించి రాసేటప్పుడు యజమాని ఎవరు, పెట్టుబడి ఎవరిది అని అడుగుతాం. తప్పక అడగాలి. కాని యజమాని ఆ గదిలో లేనప్పుడు కూడా, అక్కడ కూర్చున్న కుర్రవాడి చెయ్యి ఏ చోట కత్తిరించాలో తనంతట తానే నేర్చుకుంటుంది. రెండు నెలలు చాలు. మల్టిప్లెక్సరు పనిచేసే తీరు నాకు చాలామంది విడమరిచి చెప్పారు. దాన్ని గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు, అందరికంటె బాగా వచ్చింది అదే. లాగ్‌బుక్‌లో దానికి గడి లేదు. “పరిశీలించాను” అనే మాట ఉంది చూశారా, అది ఇంగ్లీషులో ఇంకా బాగుంటుంది. చేసినవాడు ఉండడు, పడినవాడు ఉండడు, పరిశీలించినవాడు ఒక్కడే మిగులుతాడు.

ఆ తర్వాత ఏడాది దాటాక లైన్‌మన్ కర్ర పట్టుకొని నడవగలిగినాడు. స్తంభాలు ఎక్కే పని ఇక లేదు. మా నాయనే మాట్లాడి పక్క కొట్టంలో పాలిష్ పనికి పెట్టించినాడు. కూర్చొని చేసే పని అది. నీళ్లు పోసి రుద్దుతుంటాడు. నన్ను చూస్తే ఇప్పటికీ ‘ఇంజనీరు సామీ’ అనే అంటాడు. ఒకసారి ధైర్యం చేసి నిచ్చెన మాట ఎత్తినాను. ఆయన రాయి మీద చెయ్యి ఆపకుండానే, “నేనే గదప్పా నిన్ను పొమ్మనింది” అన్నాడు. అంతకంటె ఆ మాట పొడిగించనివ్వలేదు. ఆ జవాబుతో నేను తేలికపడాలని ఆయన ఉద్దేశం కావచ్చు. నేను తేలికపడలేదు. పొమ్మన్నది ఆయనే, కాని ఒక్క మనిషితో చేయించకూడని పనిని ఒక్క మనిషికి, ఒక పిల్లవాడికి అప్పగించి ఏడున్నర లోపల బొమ్మ రావాలన్నది ఆయన కాదు. బొమ్మ వచ్చిందా అనే తొందర ఆయన నోట పలికింది గాని ఆయనది కాదు.

ఇప్పుడు నేను ఒక కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. శిక్షణకు పోయిన పిల్లల దగ్గరకు పోయి, వాళ్ల లాగ్‌బుక్కులు చూసి, సంతకం పెట్టే పని నా వంతుకు కూడా వచ్చింది. వాళ్లలో కొందరు ఇంటర్నెట్ తీగలు వేసే సంస్థలలో ఉన్నారు. స్తంభాలు అవే, తీగలు మారాయి. టెలివిజన్ కేంద్రాలకు పోయేవాళ్లు తగ్గారు.

పోయిన నెలలో ఒక అబ్బాయి పుస్తకం తెచ్చినాడు. మూడు పేజీల నిండా “పరిశీలించాను”. నేను ఒక్కొక్కదాని పక్కన పెన్సిలుతో, “ఎవరు చేస్తుండగా?” అని రాసి తిరిగి ఇచ్చాను. వాడు నా మొహం వంక చూసి, పేర్లు రాయాలా సార్ అన్నాడు. పేర్లు అక్కరలేదు, మనిషి ఏ పని మీద వచ్చినాడో, చేతులకు ఏముందో, నిచ్చెన ఎవరు పట్టుకున్నారో రాయమన్నాను. అలా రాస్తే సంస్థవాళ్లు సంతకం పెట్టరేమో సార్ అన్నాడు. వాడి భయం నాకు తెలుసు, అది నాకు కొత్త కాదు. అట్లా జరిగితే సంస్థవారి దగ్గరకు నేనూ వస్తానని చెప్పినాను. రెండు వారాలయింది. పుస్తకం ఇంకా వాడి దగ్గరే ఉంది. సోమవారం తెస్తానన్నాడు.